సర్కస్ పోస్టర్ అక్షరం: రోజ్‌వుడ్ ఎక్కడి నుంచి వచ్చింది, తెలుగు పక్కన ఎలా వాడాలి?

గవర్నర్‌పేట డీటీపీ

విజయవాడలో ఎగ్జిబిషన్ స్టాల్ పెట్టే పార్టీ ఒకరు పాతకాలం సర్కస్ పోస్టర్ లాంటి లుక్ అడుగుతున్నారు. వాట్సాప్‌లో పంపిన నమూనాలో ఇంగ్లిషు అక్షరాలన్నీ క్యాపిటల్సే. కాళ్ల దగ్గర దిట్టమైన సెరిఫ్‌లు (అక్షరం కొసల్లో అడ్డంగా ఉండే పాదాలు), చుట్టూ గీత, లోపల నగిషీ. ఫాంట్ గుర్తుపట్టే సైట్లో వేస్తే రోజ్‌వుడ్ అని చెప్పింది. పాత సీడీలో ఆ పేరుతో పీఎఫ్‌బీ ఫైలు ఒక్కటే ఉంది. ఇల్లస్ట్రేటర్ కొత్త వెర్షన్‌లో అది లిస్టులోకే రావడం లేదు.

పని ఇది: 300 జీఎస్‌ఎం కార్డు మీద రెండు రంగుల స్క్రీన్ ప్రింటింగ్ పాస్‌లు, తర్వాత స్టాల్ ముందు ఏసీపీ (అల్యూమినియం రేకు ప్యానెల్) బోర్డు. ఇంగ్లిషు లైను కింద తెలుగులో ‘కృష్ణాతీరం సంబరాలు’ అని రావాలి. నమూనాలో నగిషీ ఒక రంగు, లోపలి నింపుడు ఇంకో రంగు ఉన్నాయి. నా దగ్గరున్న ఫైలుతో ఒకే రంగు వస్తోంది. ఈ అక్షరం చరిత్ర కూడా కొంచెం చెప్తే పార్టీకి వివరించొచ్చు. ‘కౌబాయ్ సినిమా ఫాంటు’ అని వాళ్లు తేల్చేశారు.

చెక్కటైపు

మీ దగ్గర ఉన్నది సగం ఫాంటేనండీ. రోజ్‌వుడ్ అంటే రెండు ఫైళ్లు, రెగ్యులర్, ఫిల్. గీతలూ నగిషీ రెగ్యులర్‌లో ఉంటాయి, దాని వెనక కూర్చునే నిండు ఆకారం ఫిల్‌లో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి వేస్తేనే మీ నమూనాలో ఉన్న రెండు రంగులు వస్తాయి. బయట చేతులు మారుతూ తిరిగే కాపీల్లో ఫిల్ ఊడిపోయి రెగ్యులర్ ఒక్కటే మిగులుతుంది. చాలామంది దాన్నే పూర్తి ఫాంటు అనుకుని నల్ల ఇంకులో కొట్టేస్తారు.

పీఎఫ్‌బీ కనపడకపోవడానికి కారణం వేరు. అది టైప్ 1 ఫార్మాట్. 2023 జనవరి నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్‌లలో టైప్ 1 ఫాంట్లకు సపోర్ట్ ఎత్తేసింది. దాన్ని కన్వర్ట్ చేసుకునే తిప్పలు పడొద్దు, కెర్నింగ్ (అక్షరాల జంటల మధ్య దూరాల సర్దుబాటు) చెడుతుంది. ఓపెన్‌టైప్ వెర్షన్ తీసుకోండి, రెండు ఫైళ్లూ ఒకే చోటి నుంచి, ఒకే వెర్షన్‌వి. ఒకటి పాతది ఒకటి కొత్తది కలిపితే అక్షరాల మధ్య దూరాలు తేడా వచ్చి లైను చివరికి వెళ్లేసరికి పొరలు జారతాయి.

ఇక చరిత్ర. మూలం 1874 నాటిది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం గ్రీన్‌విల్‌లో విలియం పేజ్ కంపెనీ చెక్క టైపు తయారుచేసేది. ఆ ఏడాది వాళ్లు రంగుల చెక్క టైపుకే విడిగా ఒక నమూనా పుస్తకం వేశారు. అందులోని క్లారెండన్ ఆర్నమెంటెడ్ ఆధారంగా 1994లో అడోబీ రోజ్‌వుడ్ తీసుకొచ్చింది. గీసినవాళ్లు కిమ్ బకర్ చాన్స్‌లర్, కార్ల్ క్రాస్‌గ్రోవ్, కరోల్ ట్వాంబ్లీ. పెప్పర్‌వుడ్, జీబ్రావుడ్ కూడా అదే విడతలో వచ్చిన రెండు పొరల ఫాంట్లు. అంతకుముందు 1990 ప్రాంతంలో అడోబీ విడుదల చేసిన మెస్కీట్, జునిపర్, పాండరోసా, కాటన్‌వుడ్, ఐరన్‌వుడ్ కూడా చెక్క టైపు నుంచి తీసినవే. అన్నిటికీ చెట్ల పేర్లు పెట్టడానికి కారణం అదే.

పేరులోని క్లారెండన్ అంటే దిట్టమైన సెరిఫ్‌లున్న బొద్దు అక్షరం, అది ఇంకా పాతది. 1845లో లండన్‌లో ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి చెందిన రాబర్ట్ బెస్లీ దాన్ని రిజిస్టర్ చేయించాడు. అచ్చు చెక్కింది బెంజమిన్ ఫాక్స్. ఆ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే అందరూ కాపీ కొట్టారు. అమెరికా చెక్క టైపువాళ్లు దాన్ని సాగదీశారు, నొక్కారు, లోపల పువ్వులు గుచ్చారు. అంటే పార్టీ చూసిన ‘కౌబాయ్’ అక్షరం పుట్టుక ఇంగ్లండ్‌లో, పైగా డిక్షనరీల్లో మాటలను బొద్దుగా చూపించే పనికి వాడిన అక్షరం.

చెక్కే ఎందుకంటే, సీసంతో పెద్ద అక్షరం పోస్తే బరువు, ఖర్చు. చల్లారేటప్పుడు ముఖం కూడా సమంగా రాదు. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో అడ్డంగా తిరిగే రౌటర్‌తో చెక్క అక్షరాలు కొయ్యడం మొదలుపెట్టి 1828లో మొదటి క్యాటలాగు వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ కలిపాడు. ఒక నమూనా గీస్తే చాలు, అదే ఆకారాన్ని ఎన్ని సైజుల్లోనైనా కోసుకోవచ్చు. కర్ర మేపుల్. మొద్దును అడ్డంగా కోసి, నార నిలువుగా ఉండే ముఖం మీద చెక్కేవారు. అలాగైతే ఒత్తిడికి నలగదు, గీత అంచు చీలదు. ఎత్తు 0.918 అంగుళం, మన ట్రెడిల్ మిషన్ల మీద నడిచిన సీసం టైపు ఎత్తే.

రంగుల టైపులో అక్షరానికి రెండు దిమ్మెలు, కొన్నిటికి మూడు. ఒక రంగు కొట్టి, ఆరాక దాని మీద రెండో దిమ్మె కొడతారు. రెండు రంగులూ కలిసిన చోట మూడో రంగు పుట్టేలా కొన్నిటిని లెక్కేసి కోసేవారు. పేజ్ పుస్తకం గొప్పతనం అక్కడే ఉంది. రెండు ఇంకులకు మూడు రంగులు. ఒక్క పొరగా కొట్టే ప్రతి రోజ్‌వుడ్‌లో పోయేది ఇదే.

తర్వాత లితోగ్రఫీ పోస్టర్లు వచ్చి చెక్క టైపును పడగొట్టాయి. విస్కాన్సిన్‌లోని టూ రివర్స్‌లో 1880లో మొదలైన హామిల్టన్ కంపెనీ చౌక ధరలతో పోటీదారులను ఒక్కొక్కరినే కొనేసింది. పేజ్ కంపెనీ 1891లో వాళ్ల చేతికి పోయింది. ఆ ఊళ్లో ఇప్పుడు మ్యూజియం ఉంది. 20వ శతాబ్దం మధ్యలో మళ్లీ ఈ అక్షరాల మీదికి చూపు మళ్లించిన మనిషి రాబ్ రాయ్ కెల్లీ. ఆయన పోగుచేసిన చెక్క టైపు ఇప్పుడు ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ దగ్గర ఉంది. 1828 నుంచి 1900 దాకా అమెరికా చెక్క టైపు మీద ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పునరుద్ధరణలన్నీ ఏదో రకంగా ఆ పుస్తకానికి బాకీ.

బ్రాడీపేట స్క్రీన్

గుంటూరు నుంచి. చరిత్ర బాగా చెప్పారు. పాస్‌ల ప్రింటింగ్‌లో ఎక్కడ దెబ్బతింటుందో నేను చెప్తాను.

ముందు కంప్యూటర్ దగ్గర. కోరెల్‌లో లైను రెగ్యులర్‌లో టైపు చేసి, నంబర్ ప్యాడ్ ప్లస్ మీట నొక్కితే అదే స్థానంలో కాపీ పడుతుంది. ఆ కాపీని ఫిల్‌కి మార్చి వెనక్కి పంపండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ సీ, కంట్రోల్ బీ. కాపీ నేరుగా వెనకే పడుతుంది. కెర్నింగ్ రెండిటికీ మెట్రిక్స్ ఉండాలి, అంటే ఫాంటు ఫైల్లో రాసి ఉన్న దూరాలే. ఆప్టికల్ పెట్టారా, అయిపోయారు. ఆప్టికల్ అంటే సాఫ్ట్‌వేర్ అక్షరం ఆకారం చూసి దూరం తనే లెక్కేసుకుంటుంది. రెగ్యులర్ ఆకారం వేరు, ఫిల్ ఆకారం వేరు కాబట్టి రెండు లెక్కలొస్తాయి. మొదటి అక్షరం సరిగ్గా కూర్చుంటుంది, ఎనిమిదో అక్షరం దగ్గర ఫిల్ గీత దాటి బయటికి తొంగిచూస్తుంది. దాన్ని చూసి ప్రింటర్‌ని తిడతారు. తప్పు ఫైలులో ఉంటుంది.

రంగుల వరస: లేత రంగు ఫిల్ ముందు, ముదురు రంగు రెగ్యులర్ తర్వాత. రెగ్యులర్‌కి ఓవర్‌ప్రింట్ (కింది రంగు మీదే కొట్టడం) పెట్టండి, కింద ఫిల్‌లో కన్నం పడకూడదు. కన్నం పెట్టి నగిషీని అందులో కూర్చోబెడదామంటే స్క్రీన్ మీద ఎప్పటికీ కలవదు, తెల్ల అంచు కనపడుతుంది. ఒక జాగ్రత్త: తెల్ల రంగు వస్తువుకి పొరపాటున ఓవర్‌ప్రింట్ పడితే పాజిటివ్‌లో (స్క్రీన్ తయారీకి తీసే ఫిల్మ్‌లో) అది మాయమవుతుంది. ఏ రంగు ఎక్కడ పడుతుందో విడివిడిగా చూపించే సెపరేషన్ ప్రివ్యూ చూడకుండా ఫిల్మ్ తియ్యొద్దు.

ఫిల్ బయటి అంచును చుట్టూ 0.2 మి.మీ. లోపలికి లాగండి. పైన పడే గీత మందం 0.6 మి.మీ. ఉంటే, ఫిల్ అంచు దాని కిందే దాక్కుంటుంది. అటూ ఇటూ కొంచెం జరిగినా తెలీదు. గీత 0.3 మి.మీ.కి తగ్గితే ఏ లాగుడూ కాపాడదు, సైజు పెంచుకోవాల్సిందే.

మెష్ (స్క్రీన్ జాలీ గుడ్డ) సెంటీమీటరుకు 120 పోగులది తీసుకోండి, 77 మీద నగిషీ అంచులు రంపంలా వస్తాయి. రెండు ఫ్రేములూ ఒకే సైజు, ఒకే బిగువు. ఒకటి కొత్తగా బిగించింది, ఇంకోటి ఏడాదిగా వాడుతున్నది అయితే వదులు ఫ్రేము స్క్వీజీ (ఇంకును నొక్కి లాగే రబ్బరు పట్టీ) లాగినప్పుడు ఎక్కువ సాగుతుంది. కార్డు మధ్యలో కలిసినా అంచుల్లో కలవదు. మెష్‌కీ కార్డుకీ మధ్య ఖాళీ రెండిటికీ 2 మి.మీ. దగ్గర ఉంచండి, స్క్వీజీ రెండిటికీ ఒకే దిక్కు లాగండి.

ఎక్స్‌పోజింగ్ (ఫిల్మ్ పెట్టి స్క్రీన్‌కి వెలుతురు పట్టించడం) ఎక్కువైతే వెలుతురు పాజిటివ్ గీత అంచు కిందికి దూరి సన్న గీతలు మూసుకుపోతాయి. తక్కువైతే కడిగేటప్పుడు అంచులు ఊడతాయి, పిన్‌హోల్స్ పడతాయి. రోజ్‌వుడ్ లాంటి దానికి 0.3, 0.4, 0.5 మి.మీ. గీతలున్న టెస్ట్ పట్టీ ఒకటి అదే ఫిల్మ్ పక్కన పెట్టి ఎక్స్‌పోజ్ చేయండి. 0.3 గీత తెరుచుకున్న టైమే మీ టైము. నగిషీలో వదిలేసిన ఖాళీలు మాత్రం 0.4కి తగ్గొద్దు, ఇంకు పరుచుకుని పూడ్చేస్తుంది.

మొదటి రంగు కొట్టాక కార్డులు ఆరబెట్టి, రెండో రంగు మర్నాడు అనుకుంటే పాలిథిన్ కప్పండి. కృష్ణ ఒడ్డు గాలిలో తేమకి కార్డు రాత్రికి రాత్రి సాగుతుంది. నార అడ్డంగా ఉన్న వైపు ఎక్కువ సాగుతుంది కాబట్టి, పాస్ పొడుగు వైపు నార వచ్చేలా షీటు కోయించండి.

అరండల్‌పేట

ఇంత తంటా ఎందుకు? తెలుగు లైనుకి బాపు అక్షరం పెట్టేయండి, పాతకాలం ఫీల్ దానంతట అదే వస్తుంది.

లిపి_అమరావతి

అరండల్‌పేట గారూ, బాపు గారి అక్షరం అందం కుంచె విసురులో ఉంది. క్లారెండన్ యంత్రం కోసిన అక్షరం, ప్రతి కాండం (అక్షరంలోని లావు గీత) ఒకే మందం, ప్రతి కాలికీ ఒకే దిమ్మె. రెండూ ఒకే బోర్డు మీద పెడితే పెళ్లిపందిట్లో రెండు వైపులవాళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నట్టే ఉంటుంది. ఇక్కడ నిండుగా, మందం మారకుండా ఉండే తెలుగు కావాలి.

ఉచితంగా దొరికేవాటిలో మూడు చూడండి. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర బాగా బొద్దుగా ఉంటుంది, కానీ వత్తుల లోపలి ఖాళీలు చిన్నవి. ఎక్ టైప్ వాళ్ల బాలూ తమ్ముడు 2లో అన్నిటికంటే బొద్దు బరువు తీసుకుంటే అంచులు గుండ్రంగా ఉంటాయి, పొరలు కట్టడానికి తేలిక. అదే సంస్థ చేసిన అనేక్ తెలుగులో బరువూ వెడల్పూ రెండూ జరుపుకోవచ్చు. ఇంగ్లిషు లైను వెడల్పుకి తెలుగు లైనును సాగదీయకుండా సరిపెట్టాలంటే అదొక్కటే దారి. నా ఓటు దానికే. అక్షరాన్ని మౌసుతో పట్టుకుని అడ్డంగా లాగితే నిలువు గీతలు లావై అడ్డ గీతలు సన్నగా మిగులుతాయి. పార్టీకి తెలియకపోవచ్చు, కానీ బోర్డు వికారంగా ఉందని మాత్రం చెప్తారు.

తెలుగుకి రెండు పొరల ఫాంటు వెతుక్కోవద్దు, మీరే కట్టుకోవాలి. ఇల్లస్ట్రేటర్ అయితే ముందు పేరాగ్రాఫ్ ప్యానెల్‌ మెనూలో భారతీయ లిపులను సరిగ్గా కూర్చే ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ కంపోజర్ పెట్టండి. లేకపోతే ‘ష్ణా’ విడిపోయి ష, పొల్లు, ణా అని పడుతుంది. టైపు చేశాక అవుట్‌లైన్లుగా మార్చి, పాత్‌ఫైండర్‌లో యునైట్ కొట్టండి. ఇది మర్చిపోతే తర్వాతి పనంతా వృథా. తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు చాలాచోట్ల విడి ముక్కలుగా అక్షరం మీద ఎక్కి ఉంటాయి. కలపకుండా ఆఫ్‌సెట్ చేస్తే (అంచును లోపలికో బయటికో జరిపి ఇంకో గీత తీస్తే) ప్రతి ముక్కకీ విడిగా గీత పుట్టి అక్షరం లోపల అడ్డదిడ్డం గీతలొస్తాయి. అను ఫాంట్లతో కోరెల్‌లో చేసేవాళ్లు కంబైన్ కాదు, వెల్డ్ వాడాలి. కంబైన్ చేస్తే ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట తెల్ల కన్నాలు పడతాయి.

ఆ తర్వాత ఆఫ్‌సెట్ పాత్, విలువ మైనస్‌లో, జాయిన్ రౌండ్. కోరెల్‌లో కాంటూర్ ఇన్‌సైడ్, తర్వాత కంట్రోల్ కే. ఎంత విలువ అనేది కాండం మందం చెప్తుంది. కాండం అడ్డకోతలో ఐదు పట్టీలు కావాలి: గీత, ఖాళీ, నగిషీ, ఖాళీ, గీత. బ్రాడీపేట గారు చెప్పిన కొలతల ప్రకారం ఒక్కోటి సగటున 0.4 మి.మీ. అనుకుంటే కాండం 2 మి.మీ. అక్షరం ఎత్తులో కాండం ఆరో వంతు ఉన్న ఫాంటు అయితే ఎత్తు 12 మి.మీ. దాని కంటే చిన్న తెలుగు మీద నగిషీ పెట్టొద్దు, గీతా నింపుడూ చాలు. ఇంగ్లిషుకీ ఇదే న్యాయం. చెక్క టైపు సాధారణంగా 4 లైన్ల నుంచి మొదలయ్యేది, అంటే 48 పాయింట్లు. ఆ కింది సైజుకి ఈ నగిషీ ఎవరూ ఉద్దేశించలేదు. కంప్యూటర్ 14 పాయింట్లు ఇస్తుంది కదా అని టికెట్ వెనక నిబంధనలు రోజ్‌వుడ్‌లో కొట్టినవాళ్లు ఉన్నారు.

‘కృష్ణాతీరం’లో ఇబ్బంది పెట్టేది మొదటి రెండు అక్షరాలే. కృ వట్రుసుడి కిందనుంచి కుడివైపు వస్తుంది, పక్కనే ష కింద ణవత్తు. ఈ రెండిటి మధ్య సందు బొద్దు బరువులో కాండం మందంలో సగం కూడా ఉండదు. సాధారణంగా పెట్టే కుడి కింది నీడ పెడితే ఆ సందు పూడిపోయి రెండూ అతుక్కుని ఒకే ముద్ద అవుతాయి. నీడను ఎడమ కిందికి తిప్పండి, ఇంగ్లిషు లైనుకీ అదే దిక్కు. అప్పుడు కూడా కృ, ష్ణా మధ్య చేత్తో కొంచెం దూరం పెంచాలి. పెంచడం ఆఫ్‌సెట్‌కి ముందే చేయాలి, తర్వాత చేస్తే పొరలన్నీ విడివిడిగా జరపాలి.

నగిషీ విషయంలో రోజ్‌వుడ్‌లోని పువ్వులను తెచ్చి తెలుగు కాండాల్లో గుచ్చకండి. ఇంగ్లిషు క్యాపిటల్స్‌కి నిలువు కాళ్లు ఉంటాయి కాబట్టి మధ్యలో ఒక బొమ్మ నిలుస్తుంది. మన అక్షరం వంపు తిరుగుతూనే ఉంటుంది, బొమ్మ ఎక్కడ పెట్టినా వంకరే. దానికి బదులు అడ్డంగా రెండు రంగులుగా విడగొట్టండి, పైసగం ఒకటి, కిందిసగం ఒకటి. సగం లెక్క వత్తులు వదిలేసి అసలు అక్షరానికి మాత్రమే. వత్తులతో కలిపి కొలిస్తే వత్తు లేని ‘తీరం’లో విడగొట్టిన గీత మరీ కిందికి పోతుంది. మధ్యలో 0.5 మి.మీ. తెల్ల పట్టీ వదిలితే చాలు, చెక్క టైపు లక్షణం వచ్చేస్తుంది.

లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు. ఇంగ్లిషుకి సరిపోయిన దూరం తెలుగుకి పెడితే వత్తులు కింది లైను గుడుల్లోకి దిగుతాయి.

గవర్నర్‌పేట డీటీపీ

చాలా ఉపయోగం. ఫిల్ దొరికింది, మెట్రిక్స్ పెట్టగానే కూర్చుంది. రెండు విషయాలు మిగిలాయి. బోర్డుకి రేడియం (రంగు వినైల్ స్టిక్కర్) కటింగ్ చేయిద్దామా, ప్రింట్ తీయిద్దామా? రెండోది, ఎంట్రీ ధర రాయాలి, రోజ్‌వుడ్‌లో రూపాయి గుర్తు కొడితే డబ్బా వస్తోంది.

బ్రాడీపేట స్క్రీన్

బోర్డు ఎంత పెద్దదైనా నగిషీని రేడియం కత్తిరించొద్దు. 3 మి.మీ. కంటే చిన్న ముక్కలు పీకేటప్పుడు పక్కవాటితో లేచి వచ్చేస్తాయి. నిలిచినా మే ఎండకి అంచులు ముడుచుకుంటాయి. ఫిల్ పొరను మాత్రం కత్తిరించి అతికించవచ్చు, దాని మీద రెగ్యులర్‌ని పారదర్శక వినైల్ మీద ప్రింట్ తీసి వేస్తారు కొందరు. అతికించేటప్పుడు రెండూ కలవడం మళ్లీ చేతి నైపుణ్యం మీదే. నేనైతే మొత్తం ఒకే వినైల్ మీద ప్రింట్, పైన మ్యాట్ లామినేషన్. మెరుపు లామినేషన్ వేస్తే స్టాల్ లైట్లకి నగిషీ కనపడదు.

పొరలు పైనుంచి కూర్చునేవే కావాలి, కానీ నగిషీ తక్కువైనా ఫర్వాలేదంటే డేవిడ్ జొనాథన్ రాస్ చేసిన బంగీ చూడండి. 2016లో వచ్చింది, ఉచితం. బోర్డుల కోసమే గీసింది, నిలువుగా పేర్చడానికి కూడా కుదురుతుంది. కాకపోతే అది 19వ శతాబ్దం వాసన ఇవ్వదు.

చెక్కటైపు

రూపాయి గుర్తు 2010లో వచ్చింది, ఫాంటు 1994ది. డబ్బా రాక ఏమొస్తుంది? ఇంకో ఫాంటు గుర్తు తెచ్చి నగిషీ అక్షరం పక్కన పెడితే బోడిగా ఉంటుంది. ఆర్ అక్షరాన్ని కోసి గీసుకుందామంటే రెండు పొరల్లోనూ గీయాలి. ధరను తెలుగు లైనులోకి దించి ‘రూ. 50’ అని అనేక్ తెలుగులోనే రాయండి, అంకెలు కూడా అందులోవే. పాస్ మీద ధర నగిషీలో ఉండటం ఎలాగూ మంచిది కాదు, గేటు దగ్గర చదివేవాళ్లకి 50, 60 తేడా తెలియాలి.

లిపి_అమరావతి

ఆ ‘రూ.’ చుక్కకీ అంకెకీ మధ్య నాన్‌బ్రేకింగ్ స్పేస్ కొట్టండి. కార్డు చివర లైను విరిగితే ధర కింద పడుతుంది.